మట్టి క్రింది చరిత్రను విన్న కర్నల్ మెకంజీ

పలనాడు రాతినేల. మాచర్ల, గురజాల ప్రాంతములలో చాలచోట్ల పలుచని మట్టిపొర క్రింద సున్నపురాయి పలకలు పరచినట్లుండును. అమరావతి, నాగార్జునకొండ శిల్పములు ఈ పలనాటి సున్నపురాతిపై చెక్కబడినవే. ఈ సీమలోనే కృష్ణాతీరమున కొల్లూరు వజ్రపు గనులు 17వ శతాబ్దమున దేశదేశముల వర్తకుల నాకర్షించినవి. రాయి, రత్నము, స్తూపము, ఈ మూడును మట్టి క్రిందనుండి వచ్చినవే. కావున భూగర్భమున ఏమున్నదో తెలిసికొనవలెనను కోరిక ఇచటి ప్రజలకు క్రొత్తది కాదు. లంకెబిందెల కథలు వినని గ్రామము లేదు. అంజనము వేసి చూచువారి మాటలు నమ్మి, అర్ధరాత్రివేళ గునపములు పట్టి పాతగుడుల పీఠములను పెల్లగించిన దురాశాపరుల వలన ఎన్ని విగ్రహములు, ఎన్ని శాసనములు నశించినవో లెక్క లేదు.

నేడు శాస్త్రజ్ఞులకు నిజమైన అంజనము లభించినది. అది విద్యుదయస్కాంత తరంగము. 1887, 1888 సంవత్సరములలో జర్మనీ దేశీయుడు హెన్రిక్ హెర్జ్ ఈ తరంగములను ప్రయోగశాలలో పుట్టించి చూపెను. 1895లో జగదీశ చంద్రబోసు కలకత్తాలో వానిని గోడలగుండ పంపి, ఆవలి గదిలో గంట మ్రోగించి సభికులను ఆశ్చర్యపరచెను. గోడను చొచ్చుకొనిపోవు తరంగము నేలలోనికి మాత్రము ఏల పోరాదు? 1910లో లైంబాహ్, లోవీ అను ఇరువురు, ఈ తరంగముల సాయమున భూగర్భమునందలి వస్తువులను కనిపెట్టు పద్ధతికి జర్మనీలో పేటెంటు పొందిరి. 1929లో ఆస్ట్రియాలో ఒక హిమానీనదము లోతును ఈ రీతిగనే కొలిచిరి. 1972లో అపోలో 17 వ్యోమనౌక చంద్రుని చుట్టు తిరుగుచు, ఈ తరంగములతోనే చంద్రుని నేల క్రింది పొరలను పరీక్షించినది. గునపము తాకకుండ నేల లోపలి సంగతి తెలిసికొనుటయే ఈ విద్య యొక్క సారాంశము.

ఈ విద్య పుట్టుటకు నూరేండ్లకు పూర్వమే, కొలత గొలుసు, థియోడొలైటు, కాగితము, ప్రశ్న అను నాలుగు సాధనములతో ఆంధ్రదేశపు మట్టి క్రింది చరిత్రను తెలిసికొనుటకు ఒక మహనీయుడు పూనుకొనెను. ఆయన కర్నల్ కాలిన్ మెకంజీ. గ్రామ కైఫీయతుల పేరు విన్న ప్రతి తెలుగు విద్యార్థికిని ఆయన పేరు పరిచితమే. కాని త్రవ్వుటకు ముందు చూడవలెను, కదల్చుటకు ముందు కొలువవలెను అను నియమమును ఆంధ్రదేశమున మొదట ఆచరించి చూపినవారిలో ఆయన యొకడను సంగతి అంతగా ప్రచారమునకు రాలేదు.

కాలిన్ మెకంజీ స్కాట్లండునకు పడమటనున్న లూయిస్ ద్వీపమున, స్టోర్నోవే అను రేవుపట్టణమున 1754 ప్రాంతమున జన్మించెను. ఆయన తండ్రి వర్తకుడు. సముద్రపు గాలి, బంజరునేల, కొద్దిపాటి వర్తకము తప్ప ఆ దీవిలో వేరు సంపద లేదు. యౌవనమున ఆయన స్వస్థలమునందే సుంకపు శాఖలో ఉద్యోగము చేసెను. లెక్కలయందు ఆయనకు అపారమైన ఆసక్తి. ఆ ఆసక్తియే ఆయనను భారతదేశమునకు చేర్చినది. సంవర్గమానములను కనిపెట్టిన జాన్ నేపియరు జీవితచరిత్రను వ్రాయ సంకల్పించిన ఆ వంశీయుడగు ఒక ప్రభువు, హిందువుల గణితవిద్యను గూర్చిన సమాచారమును సేకరించు పనిలో మెకంజీ సాయమును కోరెను. ఇట్లు హిందూదేశమును చూడకమునుపే ఆ దేశపు విద్య యెడల ఆయనకు గౌరవము కలిగెను.

1783 సెప్టెంబరు 2వ తేదీన ఆయన చెన్నపట్టణమున ఓడ దిగెను. నేపియరు ప్రభువు కుమార్తె అప్పుడు మధురలో నివసించుచుండెను. ఆమె గృహమున అనేక పండితులతో మెకంజీకి పరిచయము కలిగెను. జీవితమంతయు ఈ దేశపు ప్రాచీన చరిత్రను అన్వేషింపవలెనను తలంపు ఆయనకు అచటనే అంకురించినదందురు. కాని చేరినది కంపెనీ సైన్యము. మొదట పదాతి దళమున, 1786 నుండి ఇంజనీర్ల దళమున ఉద్యోగము. చేతిలో కత్తి కంటె కొలత గొలుసే ఎక్కువకాలము నిలిచెను.

కోయంబత్తూరు, దిండిగల్లు ప్రాంతముల తరువాత నెల్లూరు, గుంటూరు సీమలలో ఆయన పని చేసెను. 1788లో గుంటూరు సర్కారు కంపెనీ వశమైనది. మైసూరు యుద్ధమునకు ముందటి దినములలో ఈ సీమ బాటలను, ఏరులను, కొండలను కొలిచినవారిలో మెకంజీ యొకడు. ఇప్పటి పలనాటిలో గొంత భాగము ఈ సర్కారునకు చెందియుండెను. పలనాడను పేరుగల సీమ మాత్రము ఆర్కాటు నవాబు క్రింద ఉండి, 1801లో కంపెనీ చేతికి వచ్చినది. ఇట్లు ఒకే నేల ఇరువురు ప్రభువుల మధ్య చీలియున్న కాలమది. బందిపోట్లు, కరవులు, దండయాత్రలు నిత్యకృత్యములు. అట్టి కాలమున ఒక దొర గొలుసు పట్టుకొని పొలము గట్ల వెంట నడచుచు, ఈ ఊరి పేరేమి, ఈ కోట కట్టినదెవరు, ఈ గుడి ఎప్పటిది అని అడుగుచుండుట ప్రజలకు వింతగా తోచియుండును.

సర్వే అనగా కేవలము దూరముల లెక్క కాదని ఆయన క్రమముగా గ్రహించెను. పటము మీద ఒక చుక్క పెట్టినంతమాత్రమున ఊరు తెలియదు. ఆ ఊరు ఎవరి కాలమున పుట్టినది, ఎవరి దానమున నిలిచినది, ఏ శాసనము దానికి సాక్షి అను విషయములు తెలిసిననే ఆ చుక్కకు ప్రాణము వచ్చును. 1792 తరువాత ఆయన నిజాము రాజ్యమున భూగోళ పరిశోధనకు నియుక్తుడయ్యెను. యుద్ధములు మధ్యమధ్య ఆయనను పుదుచ్చేరికిని, సింహళమునకును లాగుకొనిపోయినను, తిరిగివచ్చి 1796లో నిజాము రాజ్యపు పటమును సిద్ధపరచెను.

ఆ సంవత్సర ప్రాంతముననే ఆయన జీవితమును మలుపు త్రిప్పిన స్నేహము లభించినది. ఏలూరునందు 1776లో జన్మించిన కావలి వెంకట బొర్రయ్య అప్పటికి ఇరువదేండ్ల యువకుడు. సంస్కృతాంధ్రములే గాక పెక్కు దేశభాషలును, ఇంగ్లీషును నేర్చిన మేధావి. మెకంజీకి దేశభాషలు రావు. వానిని నేర్చుటకు తనకు ఎన్నడును తీరిక దొరకలేదని ఆయనయే అంగీకరించియున్నాడు. అందుచేత బొర్రయ్య ఆయనకు నాలుకయు, చెవియు అయ్యెను. శిథిలమైన శాసనములను వెదకుట, పాతలిపులను చదువుట, గ్రామవృద్ధులను, కరణములను, మఠాధిపతులను మెప్పించి మాటలాడించుట బొర్రయ్యకు వెన్నతో పెట్టిన విద్య. ఆతడు 1803లో ఇరువదియేడేండ్ల ప్రాయమునందే మరణించుట ఆంధ్రుల దురదృష్టము. ఆతని తమ్ముడు లక్ష్మయ్య ఆ భారమును వహించి, మెకంజీ మరణించువరకును ఆయన వెంట నుండెను. మరియొక సోదరుడు రామస్వామి దక్కను కవుల జీవితములను గూర్చి 1829లో ఇంగ్లీషున ఒక గ్రంథము ప్రకటించెను.

18వ శతాబ్దము ముగియు దినములలో, 1798 ప్రాంతమున, మెకంజీకి ఒక వార్త చేరెను. చింతపల్లి సంస్థానాధీశుడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు తన రాజధానిని కృష్ణాతీరమునకు మార్చి, అమరేశ్వరుని పేర అమరావతి పట్టణమును నిర్మించుచుండెను. కట్టడములకు రాయి, ఇటుక కావలసివచ్చెను. పురాతనమగు ధరణికోట ప్రక్కన దీపాలదిన్నె అని ప్రజలు పిలుచు పెద్ద దిబ్బ యొకటి ఉండెను. దానిని త్రవ్వగా ఇటుకలును, చిత్రమైన శిల్పములు గల తెల్లని రాతిపలకలును బయల్పడినవి. ఆ దిబ్బలో నిధి కలదను ఆశతో త్రవ్వించిరని వ్రాసినవారును కలరు. ఏదియెట్లున్నను, రెండువేల యేండ్ల క్రిందట మొదలై శాతవాహనుల కాలమున పెంపు వహించిన మహాస్తూపమది అని ఆనాడు ఎరిగినవారు ఎవ్వరును లేరు. ఆ రాళ్ళు కొన్ని మెట్లకును, కొన్ని గోడలకును పోయినవి.

ఈ వార్త విని మెకంజీ స్వయముగా అమరావతికి వచ్చెను. చూచెను, కొలిచెను, వ్రాసికొనెను. ఆయన చేసినది అంతమాత్రమే. ఆయన చేతిలో దానిని ఆపు అధికారము లేదు, అక్కడ నిలుచుటకు వ్యవధియు లేదు. మైసూరుపై యుద్ధము ముంచుకొనివచ్చుచుండెను. 1799లో శ్రీరంగపట్టణము పడిపోయినది. ఆ ముట్టడిలో ఆయన నిజాము పక్షమున ఇంజనీరుగ పాల్గొనెను. టిప్పు సుల్తాను పతనానంతరము 1800లో ఆరంభమైన మైసూరు సర్వే ఆయనకు అప్పగింపబడెను. అనేక సంవత్సరములు పరిశ్రమించి సుమారు 40,000 చదరపు మైళ్ళ భూమిని ఆయన కొలిపించెను. కంపెనీవారు ఖర్చులు తగ్గించినపుడు, చరిత్ర సేకరణకు తన జీతపు సొమ్మునే వెచ్చించెను.

ఆ సేకరణ పద్ధతిని తెలిసికొనుట ఉపాధ్యాయులకును, విద్యార్థులకును మిక్కిలి ప్రయోజనకరము. మెకంజీ తన సహాయకులకు ప్రశ్నల పట్టికల నిచ్చి గ్రామములకు పంపుచుండెను. వారు కరణము ఇంటికి పోయి కవిలెలు చూచెదరు. ఊరి పుట్టుక, దేవాలయముల స్థాపన, ఇనాముల వివరము, పాలించిన రాజుల క్రమము, స్థలపురాణము, శాసనముల నకళ్ళు, ఇవన్నియు వ్రాయించెదరు. అట్టి వృత్తాంతమునకే కైఫీయతు అని పేరు. కొన్నిచోట్ల క్రొత్త పన్ను వేయుటకు వచ్చిరేమో యని జనులు బెదరి నోరు విప్పరైరి. అట్టి అనుమానములను ఓర్పుతో తొలగించినవారు కావలి సోదరులును, వారితోడి తెలుగు, తమిళ, కన్నడ, మరాఠీ పండితులును. కవిలెలు చాలవరకు చెదలపాలైన ఈ కాలమున, ఎన్నియో ఊళ్ళ పూర్వచరిత్రకు ఆ కైఫీయతులే మిగిలిన ఆధారములు.

1807లో కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారి గ్రంథమాలలో మెకంజీ వ్రాతలు ప్రకటింపబడి, అమరావతి శిథిలములను గూర్చి లోకమునకు తెలిసినది. అయితే ఆయన వానిని జైనులవని భావించెను. ఇది ఆయన బుద్ధిలోపము కాదు. ఆంధ్రదేశమున బౌద్ధము అంతరించి, దాని జ్ఞాపకము సైతము ప్రజలలో మాసిపోయినది. మైసూరు దేశమున ఆయన చూచిన సజీవమగు ప్రాచీన మతము జైనము. తెలిసినదానితో తెలియనిదానిని పోల్చుట మానవస్వభావము. కాని ఆయన తన ఊహకు తగినట్లు రాళ్ళను అమర్చలేదు, ఉన్నది ఉన్నట్లు వ్రాసెను. అందుచేతనే తరువాతివారు ఆ ఊహను త్రోసిపుచ్చియు, ఆయన కొలతలను మాత్రము నేటికిని వాడుకొనుచున్నారు.

1811లో ఆయన కంపెనీ సైన్యముతో జావా ద్వీపమునకు వెడలెను. అచటను యుద్ధము ముగిసినంతనే ప్రంబనాన్ దేవాలయ శిథిలములను పరిశీలించెను. 1812లో అచటనే పెట్రొనెల్లా యాకొమీనా బార్టెల్స్ అను యువతిని వివాహమాడెను. 1815లో ఆయన భారతదేశమున కంతటికిని మొట్టమొదటి సర్వేయర్ జనరల్‌గా నియమితుడయ్యెను. అప్పటికి ఆయనకు అరువదియేండ్లు దాటినవి. 1816లో థామస్ హికీ అను చిత్రకారుడు ఆయన చిత్రపటమును వ్రాసెను. ఎఱ్ఱని సైనిక దుస్తులతో మెకంజీ నడుమ నిలిచియుండగా, ముగ్గురు భారతీయులు ఆయన చుట్టును ఉందురు. తాను ఒంటరిగా ఏమియు సాధింపలేదని ఆ పటము నేటికిని చెప్పుచున్నట్లుండును.

అంత గొప్ప పదవి వచ్చినను ఆయన మనస్సు దీపాలదిన్నెను మరువలేదు. 1816లో తన సహాయకులతోడ ఆయన తిరిగి అమరావతికి వచ్చెను. నడుమ పదునెనిమిది సంవత్సరములు గడచినవి. ఆ వ్యవధిలో దిబ్బ నడిభాగమును త్రవ్వి చెరువుగా మార్చియుండిరి. తొలిసారి చూచిన పలకలలో ఎన్నియో మాయమైనవి. మెకంజీ మిగిలినదానిని చిత్రింప పూనుకొనెను. ఆయన క్రింది చిత్రకారులు, సర్వేయర్లు కొన్ని సంవత్సరములపాటు ఒక్కొక్క పలకను కొలిచి, దాని మీది శిల్పమును రేఖ తప్పకుండ కాగితము మీద దింపిరి. 1817లో స్తూపస్థలమునకు కొలతలతో గూడిన పటము తయారైనది. ఆ చిత్రములు నేడు లండనులోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నవి. వానిలో కనిపించు శిల్పములలో పెక్కింటికి నేడు రాయి లేదు, చిత్రము మాత్రమే కలదు. ఆనాడు పెన్సిలు ఆలస్యమై యుండినచో అవి యుండెనను మాటయు మనకు తెలియదు.

1817లో ఆయన కలకత్తాకు నివాసము మార్చెను. లక్ష్మయ్య మొదలగు సహాయకులు కొందరు తమ ఊళ్ళు విడిచి ఆయనతో వెడలిరి. కూడబెట్టినదానిని వరుసపరచి, పట్టికలు వ్రాసి, గ్రంథములుగా ప్రకటింపవలెనని ఆయన ఆశ. కాని ఆరోగ్యము క్షీణించినది. 1821 మే 8వ తేదీన కలకత్తా సమీపమున ఆయన మరణించెను. ఆ నగరమున పార్కు వీథి శ్మశానవాటికలో ఆయన సమాధి కలదు. ముప్పదియెనిమిదేండ్ల క్రిందట విడిచిన స్వదేశమును ఆయన మరల చూడలేదు.

ఆయన విడిచిపోయిన రాశిని చూచి పండితులు విస్మితులైరి. శాసనముల నకళ్ళు 8,076, చిత్రములు 2,630, నాణెములు 6,218, వ్రాతప్రతులు 1,568. ఇవి గాక స్థానిక చరిత్రలు వేలకొలదిగ కలవు. ఆయన భార్యకు లక్షరూపాయలు చెల్లించి కంపెనీ ప్రభుత్వము ఆ భాండారమును గైకొనెను. హొరేస్ హేమన్ విల్సన్ 1828లో దాని పట్టికను ప్రకటించెను. కొంతభాగము లండను చేరెను, కొంతభాగము చెన్నపట్టణమునకు వచ్చెను. శిథిలమగుచున్న స్థానిక చరిత్రలకు నకళ్ళు వ్రాయించి కాపాడినవాడు చార్లెస్ ఫిలిప్ బ్రౌను. మెకంజీ పనిని కొనసాగింప అనుమతి కావలెనని లక్ష్మయ్య ఎంతయో ప్రయత్నించెను. 1836లో ఆ కోరిక త్రోసివేయబడెను. పాతికేండ్లు ఆ పనిలో తల నెరసినవానిని కాదనుట ఆనాటి ప్రభుత్వపు దృష్టిలోపము తప్ప వేరు కాదు.

మెకంజీ అనంతరము అమరావతికి జరిగినది తలచుకొనిన మనస్సు కలుక్కుమనును. 1845లో వాల్టర్ ఇలియట్ త్రవ్వించి పెక్కు పలకలను చెన్నపట్టణమునకు చేర్చెను. అవి చాలకాలము ఎండవానలకు ఆరుబయట పడియుండి, పిమ్మట లండనునకు ఎగుమతియైనవి. 1877లో రాబర్టు స్యూయెల్ మరికొంత త్రవ్వించెను. 1880లో గవర్నరు ఉత్తరువుతో మిగిలిన దిబ్బనంతయు తొలగించిరి. ఏ రాయి ఏ లోతున, ఏ దిక్కున దొరకినదో సరియైన వ్రాత లేదు. పురావస్తుశాఖ పక్షమున జేమ్స్ బర్జెస్ 1881లో వచ్చి చూచుసరికి అచట మిగిలినది గొయ్యి మాత్రమే. త్రవ్విన వారందరును శత్రువులు కారు. శిల్పములను ప్రేమించినవారే. కాని రాయి దొరకినది గదా యను తొందరలో దాని చోటును పోగొట్టుకొనిరి. చోటు పోయిన రాయి, పుటల సంఖ్య చెరిగిపోయిన గ్రంథము వంటిది.

ఈ అనుభవము తరువాతి తరములకు పాఠమైనది. 1926లో మాచర్ల ప్రాంతపు ఉపాధ్యాయుడు సూరపరాజు వేంకటరామయ్య కృష్ణలోయలో ఒక ప్రాచీన స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. శాసనశాఖలోని తెలుగు సహాయకుడు సరస్వతి వచ్చి పరిశీలింపగా నాగార్జునకొండ వెలుగులోనికి వచ్చినది. 1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్‌స్ట్ త్రవ్వకములు జరిపెను. నాగార్జునసాగర జలాశయమున ఆ లోయ మునిగిపోనున్నదని తెలిసి, 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వమున లోయనంతటిని గళ్ళుగా విభజించి క్రమముగా త్రవ్విరి. ప్రతి గోడకు కొలత, ప్రతి వస్తువునకు చోటు వ్రాసిరి. అమరావతిలో మెకంజీ ఒక్కడు ఆరంభించిన పద్ధతి అచట ఒక శాఖకు నియమమయ్యెను. నీరు వచ్చిన పిమ్మటను ఆ లోయ చరిత్ర నిలిచియుండుట ఆ వ్రాతల వలననే.

నేటి భూగర్భ రాడారు ఆ నియమమునకు మరియొక మెట్టు. దాని పని సులభముగ తెలియును. నేలపై చిన్న పెట్టెవంటి పరికరమును వరుసగా నడిపింతురు. అది విద్యుదయస్కాంత తరంగముల తునకలను క్రిందికి పంపును. మట్టి ఒకే తీరుగ నున్నంతవరకు తరంగము సాగిపోవును. గోడయో, రాతిపలకయో, లోపల బోలుచోటో తగిలినచో కొంత భాగము ప్రతిధ్వని వలె వెనుకకు మరలును. పోయివచ్చుటకు పట్టిన కాలమే లోతునకు కొలమానము. ఒక సెకనులో నూరుకోట్లవ వంతు కాలమున ఆ తరంగము సామాన్యపు మట్టిలో సుమారు పది సెంటీమీటర్లు పోవును. అట్టి ఇరువది వంతుల కాలమునకు ప్రతిధ్వని వచ్చినచో, వస్తువు సుమారు ఒక మీటరు లోతున నున్నదన్నమాట. ఇట్టి వరుసలను ప్రక్కప్రక్కన కూర్చగా, మట్టి క్రింది గోడల రూపము పటముగా ఏర్పడును. మెకంజీ గొలుసుతో నేలమీద చేసినదానిని ఈ తరంగము నేల లోపల చేయుచున్నది.

ఈ అంజనమునకును పరిమితులు కలవు. ఇసుకలోను, పొడి సున్నపురాతిలోను తరంగము మీటర్ల లోతునకు పోవును. తడిసిన బంకమట్టి దానిని మ్రింగివేయును. పలనాటి నల్లరేగడి వానకాలమున తడిసియున్నప్పుడు ఒక మీటరు లోతు చూచుటయే కష్టము. తక్కువ పౌనఃపున్యము గల తరంగము లోతుగ పోవును గాని చిన్న వస్తువులను చూపలేదు. ఎక్కువ పౌనఃపున్యము గలది చిన్నవానిని చూపును గాని లోతుగ పోలేదు. అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరియొకటి. గోడ యున్నదని తరంగము చెప్పును. అది కట్టినదెవరో, కూలినదెందుకో చెప్పదు. దానికి శాసనము కావలెను, కవిలె కావలెను, ఊరిలో ముసలివారి జ్ఞాపకము కావలెను. ఆ భాగమును రెండువందల యేండ్ల క్రిందటనే మెకంజీయు, కావలి సోదరులును చేసిపెట్టిరి.

2022లో పలనాడు పేర క్రొత్త జిల్లా ఏర్పడినపుడు అమరావతి గ్రామమును అందు చేరినది. ఆ జిల్లాలో పొలము దున్నునపుడు, బావి త్రవ్వునపుడు, బాట వేయునపుడు చెక్కిన రాయి యొకటి నాగలికి తగులుట నేటికిని అరుదు కాదు. అప్పుడు దానిని ఇంటి అరుగునకు మోయవచ్చును, నిధి కొరకు చుట్టును పెల్లగింపవచ్చును. లేదా కదల్చక ఉంచి, చోటు వ్రాసికొని, మాచర్ల ఉపాధ్యాయుని వలె అధికారులకు తెలుపవచ్చును. మొదటి రెండు దారులలో రాయి మాత్రమే దొరకును. మూడవ దారిలో చరిత్ర దొరకును. తరంగముల యంత్రము ప్రతి ఊరికి రాలేకపోవచ్చును గాని, ఒక పలక, ఒక సుద్దముక్క, అడిగి తెలిసికొను ఓర్పు ప్రతి పాఠశాలలోను కలవు. కాలిన్ మెకంజీ ఈ దేశమునకు తెచ్చిన సాధనములు అంతకంటె ఎక్కువ కావు.